పది మిల్లీమీటర్ల లింకు

మన దేశంలో 1996లో పుట్టిన మగవాళ్ల సగటు ఎత్తు 164.9 సెంటీమీటర్లు, ఆడవాళ్ల సగటు ఎత్తు 152.6. ప్రపంచ దేశాల ప్రజల ఎత్తులను వందేళ్ల మేర పోల్చి 2016లో వెలువరించిన పెద్ద అధ్యయనం తేల్చిన లెక్క ఇది. అదే పట్టికలో నెదర్లాండ్స్ మగవాళ్లు 182.5 దగ్గర ఉన్నారు. మనిషి ఎత్తులో గజ్జల నుంచి మడమ దాకా ఉండే పొడవు ఇంచుమించు 45 శాతం. ఆ లెక్కన మన సగటు పురుషుడికి అది 74 సెంటీమీటర్లు, స్త్రీకి 69కి కాస్త తక్కువ.

ఇక బండ్ల సంగతి. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. 2023 చివర్లో వచ్చిన హిమాలయన్ 450కి 825. కేటీఎం 390 అడ్వెంచర్ 2020లో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు 855. ఎక్కి కూర్చుంటే స్ప్రింగు కొంత దిగుతుంది, బూటు మడమ కొంత కలిసొస్తుంది. సీటు వెడల్పుకి తొడలు విచ్చుకోవడంతో కలిసొచ్చిందంతా మళ్లీ పోతుంది. చివరికి సిగ్నల్ దగ్గర నేలకు ఆనేది మునివేళ్లే. చదునైన రోడ్డు మీద మునివేళ్లు చాలు. కానీ రోడ్డు అంచు ఒక పక్కకి వాలి ఉన్నప్పుడు, కాలు పెట్టాల్సిన చోట గుంత ఉన్నప్పుడు, వెనక మనిషీ సామానూ ఉన్నప్పుడు, దాదాపు 200 కిలోల బండి ఒక్కసారి ఒరగడం మొదలుపెడితే మునివేళ్లు దాన్ని నిలబెట్టలేవు. ఆగి ఉన్న బండి కింద కాలు పడి చీలమండ విరగడం చిన్న బాధ కాదు. బండి ఎత్తు తగ్గించుకోవాలన్న కోరికను సోకు కింద జమకట్టేవాళ్లతో నేను ఏకీభవించను. అది భద్రతకు సంబంధించిన న్యాయమైన కోరిక. దాన్ని తీర్చే దారిలో ఏమేం మారతాయో ముందే తెలిసి ఉండాలన్నదే ఈ అధ్యాయం పట్టుదల.

దీన్ని చెప్పడానికి జిగణి తగిన చోటు. బెంగళూరుకి దక్షిణాన, ఆనేకల్ తాలూకాలో ఉన్న ఊరు అది. ఒక పక్క బన్నేరుఘట్ట అడవి, ఇంకో పక్క బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్స్ సిటీ. పారిశ్రామికవాడలో లేత్‌లు, సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రాలు ఆడే షెడ్లు చాలా ఉన్నాయి. రోడ్ల వెంట గ్రానైటు పలకలు నిలువునా పేర్చి ఉంటాయి. ఆ పలకల్లో మన ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చిన బ్లాక్ గెలాక్సీ కూడా కనిపిస్తుంది. ఆనేకల్ నుంచి హోసూరు దాకా తెలుగు తరతరాలుగా ఇంటి భాషగా ఉన్న నేల అది. రాష్ట్ర సరిహద్దు దాటితే హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీ. బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్‌ని తయారుచేసింది అక్కడే. దాన్నీ, తమిళనాడులోనే చెన్నై దగ్గర తయారయ్యే హిమాలయన్‌నీ పక్కపక్కన నిలబెట్టి వెనక చక్రం వైపు వంగి చూస్తే అసలు విషయం అక్కడే మొదలవుతుంది.

రెండింటికీ ఒకటే షాక్ అబ్జార్బర్, బండి మధ్యలో. జీ 310 జీఎస్‌లో అది ఒక కొసన ఫ్రేముకి, రెండో కొసన నేరుగా, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్‌కి బిగించి ఉంటుంది. మధ్యలో ఏమీ లేదు. హిమాలయన్‌లో మాత్రం షాక్ కింది కొస నేరుగా స్వింగార్మ్‌ని పట్టుకోదు. అక్కడ మూడు మూలలున్న లోహపు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని రాకర్ అంటారు. మెకానిక్కులు కొందరు ట్రయాంగిల్ అనేస్తారు. దాని ఒక మూల షాక్‌కి, ఒక మూల అది తిరిగే కీలుకి, మిగిలిన మూల లింకులకి. రెండు కొసల్లో రంధ్రాలున్న ఈ లింకులు చాలా బండ్లలో జతగా ఉంటాయి, చూడటానికి ఎముకల్లా ఉండటంతో వాటికి డాగ్‌బోన్ అనే పేరు స్థిరపడింది. వీటి పొడవు మార్చి బండి వెనక ఎత్తు మార్చవచ్చు. జీ 310 జీఎస్ లాంటి బండికి, కేటీఎం 390 డ్యూక్ లాంటి బండికి ఆ అవకాశమే లేదు. వాటికి షాక్‌నే మార్చాలి, లేదా సీటు. కాబట్టి లింకు కిట్టు కొనబోయే ముందు అసలు తన బండికి లింకు ఉందో లేదో చూసుకోవడం మొదటి పని. మన రోడ్ల మీద ఈ ఏర్పాటు మరీ కొత్తదేం కాదు. 2008లో వచ్చిన యమహా ఆర్15 వెనక లింకు ఉంది.

ఈ ముక్కలు ఎందుకు పెట్టారు? గుంతలో చక్రం కొద్దిగా ఎగిరినప్పుడు స్ప్రింగు మెత్తగా ఉండాలి, పెద్ద దెబ్బ తగిలి చక్రం బాగా పైకి వచ్చినప్పుడు గట్టిపడాలి. మామూలు చుట్ట స్ప్రింగు అలా చేయదు. ఎంత నొక్కితే అంతే బలంతో ఎదురుతోస్తుంది. లింకు, రాకర్ కలిసి ఆ లోటు తీరుస్తాయి. చక్రం పైకి వచ్చే కొద్దీ రాకర్ తిరుగుతుంది. తిరిగే కొద్దీ అదే ఒక సెంటీమీటరు చక్రం కదలికకి షాక్ ఇంకాస్త ఎక్కువ నలుగుతుంది. స్ప్రింగు మారకుండానే చక్రం దగ్గర బలం పెరుగుతూ పోతుంది. ఏతం తొక్కినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. దూలం మీద ఎక్కడ నిలబడ్డామన్నదాన్ని బట్టి అదే ఒంటి బరువు వేరే బలమై పనిచేస్తుంది. ఇక్కడ నిలబడే చోటు ప్రయాణంలో దానంతటదే జరుగుతూ ఉంటుంది, తేడా అంతే.

యంత్రశాస్త్రంలో దీన్ని నాలుగు కడ్డీల యంత్రాంగం అంటారు. ఫ్రేము ఒక కడ్డీ, స్వింగార్మ్ ఒకటి, రాకర్ ఒకటి, లింకు ఒకటి. నాలుగూ మూసిన వలయం. ఒకదాని పొడవు మారితే మిగిలిన మూడింటి కోణాలూ మారి తీరాలి. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుంటే ముందు రాబోయే చిక్కులన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయో అర్థమవుతుంది.

ఈ ఏర్పాటు పుట్టింది మట్టి పందాల్లో. 1970ల మొదట్లో బెల్జియంకి చెందిన లూసియెన్ తిల్కెన్స్ ఆలోచనతో యమహా ఒకే షాక్ పెట్టిన మోటోక్రాస్ బండిని తయారుచేసింది. 1973లో స్వీడన్ రైడర్ హాకన్ ఆండర్సన్ దాంతో 250 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ బండిలో లింకు లేదు. 1980 ప్రాంతంలో కవాసాకి యూనిట్రాక్, ఆ వెంటనే 1981లో హోండా ప్రోలింక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ వచ్చాయి. అప్పటినుంచి మట్టి పందాల్లో లింకు మామూలైపోయింది.

ఫుల్ ఫ్లోటర్ వెనక ఒక మనిషి ఉన్నాడు. అతన్ని తలచుకోకుండా ముందుకు పోబుద్ధి కావడం లేదు. డాన్ రిచర్డ్‌సన్ అనే అమెరికన్ యువకుడు, చక్రం పైకి వచ్చే కొద్దీ గట్టిపడే సస్పెన్షన్‌ని రూపొందించి 1975లో పేటెంటు పొందాడు. 1978లో సుజుకి అతనితో ఒప్పందం చేసుకుని అతని డిజైన్‌ని పరీక్షించి, తర్వాత ఒప్పందాన్ని వదులుకుంది. 1981లో ఫుల్ ఫ్లోటర్ వచ్చింది. రిచర్డ్‌సన్ కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి నడిచిన కేసులో 1989లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అతని పక్షాన నిలిచింది. అతను చెప్పిన రహస్యాల ఆధారంగా సుజుకి తన పేరున తీసుకున్న పేటెంట్లను కూడా అతనికే అప్పగించాలంది. గాలన్ల కొద్దీ పెట్రోలు తాగే ఇంజన్ల చరిత్ర అందరూ రాస్తారు. ఇంజను వెనక, చేతికి మట్టి అంటితే తప్ప కనిపించని ఈ మూడు మూలల ముక్క కోసం ఒక కుర్రాడు ఒక మహా సంస్థతో పోరాడి గెలిచాడన్నది కూడా అంతే గట్టిగా గుర్తుండాలి.

ఇప్పుడు మన పనికి వద్దాం. చాలా బండ్లలో లింకు పొడవు పెంచితే వెనక భాగం దిగుతుంది, తగ్గిస్తే లేస్తుంది. అమరికను బట్టి కొన్నిట్లో ఇది తలకిందులు కావచ్చు, కాబట్టి తన బండి కడ్డీలు ఎటు లాగుతున్నాయో కంటితో చూసి నిర్ధారించుకోవాలి. లింకులో ఒక మిల్లీమీటరు తేడా వెనక ఇరుసు దగ్గర రెండు, మూడు మిల్లీమీటర్లుగా పెరిగి కనిపిస్తుంది. పది మిల్లీమీటర్లు పొడవైన లింకు వేస్తే ఇరవై అయిదు దాకా దిగడం మామూలే. చూడటానికి గొప్ప లాభసాటి బేరం.

అయితే ఇరవై అయిదు దిగింది ఎక్కడ? వెనక ఇరుసు దగ్గర. ముందు చక్రం ఉన్నచోటే ఉంది. బండి మొత్తం ముందు ఇరుసు చుట్టూ కొద్దిగా తిరిగింది. మనం కూర్చునే చోటు రెండు చక్రాల మధ్య, ముందు నుంచి లెక్కేస్తే ఇరుసుల మధ్య దూరమైన వీల్‌బేస్‌లో ఇంచుమించు పదింట ఏడు వంతుల దగ్గర ఉంటుంది. కాబట్టి సీటు దిగేది 17, 18 మిల్లీమీటర్లే. ఇరవై అయిదు అనుకుని డబ్బు పోసినవాళ్లకు కాలు అనుకున్నంత ఆనకపోవడానికి కారణం ఇది. సీటు కూడా పూర్తిగా దిగాలంటే ముందు ఫోర్కు గొట్టాలను కూడా క్లాంపుల్లో పైకి జరపాలి. అలా జరిపితే ఫోర్కు పూర్తిగా నలిగినప్పుడు మడ్‌గార్డు కింది క్లాంపుకి తగలకుండా చోటు మిగలాలి.

ఫోర్కుని ముట్టుకోకుండా వెనక మాత్రమే దింపితే ఏం జరుగుతుందో లెక్క కట్టి చూద్దాం. మొదటి హిమాలయన్ వీల్‌బేస్ 1465 మిల్లీమీటర్లు. వెనక 25 దిగితే బండి తిరిగే కోణం ఒక డిగ్రీకి ఇసుమంత తక్కువ. అంటే హ్యాండిల్ ఇరుసు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఆ ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకి కొంచెం ముందు తగులుతుంది. ఆ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. 21 అంగుళాల ముందు చక్రానికి ఈ ఒక్క డిగ్రీతో ట్రెయిల్ దాదాపు ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫలితం చేతికి తెలుస్తుంది. బండి తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది, మలుపులో తిప్పడానికి ఇంకాస్త బలం అడుగుతుంది. బన్నేరుఘట్ట వైపు మలుపుల్లో ఇది తెలిసినంతగా 44వ నంబరు జాతీయ రహదారి లాంటి వెడల్పు రోడ్ల మీద తెలియదు. ఎత్తు పెంచినవాళ్లకు ఇదే తిరగబడి, హ్యాండిల్ తేలికై, వేగంలో చపలంగా అనిపిస్తుంది.

ఆ ఒక్క డిగ్రీ హెడ్‌లైట్‌కి కూడా వర్తిస్తుంది. వెనక దిగితే ముక్కు లేస్తుంది. పాతిక మీటర్ల దూరంలో కాంతి నలభై సెంటీమీటర్లకు పైగా పైకి పోతుంది. ఎదురొచ్చేవాళ్ల కళ్లు చెదురుతాయి, మన దారి చీకటవుతుంది. దీన్ని సరిచేయడానికి ఒక స్క్రూ తిప్పితే చాలు. కాని లింకు మార్చినవాళ్లలో ఆ స్క్రూ జోలికి పోయేవాళ్లు తక్కువ. నాకు ఇది అన్నిటికన్నా బాధ కలిగించే నిర్లక్ష్యం. దానివల్ల దెబ్బ తినేది మార్చుకున్నవాళ్లు కాదు, ఎదురుగా వచ్చేవాళ్లు.

సైడ్ స్టాండు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. స్టాండు ఉన్న చోట ఫ్రేము పద్నాలుగు మిల్లీమీటర్ల దాకా దిగిందనుకుందాం. స్టాండు పొడవు మారలేదు. దాంతో బండి మునుపటికన్నా రెండు మూడు డిగ్రీలు నిటారుగా నిలబడుతుంది. వీధి వాలు కొంచెం అటువైపు ఉంటే, ట్యాంకు నిండుగా ఉంటే, గాలి తోస్తే చాలు, అవతలి పక్కకి పడిపోతుంది. స్టాండుని కోసి తగ్గించి మళ్లీ అతికించడం వెల్డరుకి తెలిసిన పనే, కానీ అది కూడా లింకు పనిలో భాగమేనని మొదటే లెక్కలో వేసుకోవాలి. సెంటర్ స్టాండు వేయడం బరువవుతుంది, ఎందుకంటే ఇప్పుడు బండిని ఇంకా ఎక్కువ ఎత్తుకి లేపాల్సి వస్తుంది.

నేలకీ బండి అడుగుకీ మధ్య దూరం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. హిమాలయన్‌కి అది 220 మిల్లీమీటర్లు. వీల్‌బేస్ మధ్యలో, ఇంజను కింద, వెనక 25 దిగితే పన్నెండు దాకా పోతుంది. అది పెద్ద నష్టమా? స్పీడ్ బ్రేకర్ ఎవరు వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. అలాంటిదాని నడినెత్తి మీద 1465 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిని నిలబెడితే, రెండు చక్రాల మధ్య వంపు లేచేది పదహారు మిల్లీమీటర్లే. ఎంత దింపిన బండైనా దాని మీదుగా హాయిగా పోతుంది. ఊళ్లో ఎవరో రాత్రికి రాత్రి వేసిన, రెండడుగుల వెడల్పుండి అరడుగు ఎత్తున్న సిమెంటు దిమ్మ ఉంటుందే, దాని మీద లెక్క వేరు. రెండు చక్రాలూ దానికి అటూ ఇటూ దిగిపోయినప్పుడు మొత్తం 150 మిల్లీమీటర్లూ ఇంజను కిందికే వస్తాయి. వెనక మనిషి కూర్చుని స్ప్రింగు సగం దిగి ఉంటే అడుగు తగిలే శబ్దం వినిపిస్తుంది. గండికోటకో హార్స్‌లీ హిల్స్‌కో పోయే దారుల్లో ఊరికొకటి చొప్పున ఎదురయ్యే దిమ్మల్లో ఎక్కువ భాగం ఈ రెండో జాతివే.

స్వింగార్మ్ కోణం అంత సులభంగా కంటికి కనిపించదు, కానీ రైడింగ్‌లో అదే ఎక్కువ పని చేస్తుంది. మామూలుగా స్వింగార్మ్ తన కీలు నుంచి వెనక చక్రం వైపు కిందికి వాలి ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు చక్రం బండిని ముందుకు నెట్టే బలం ఆ వాలు వెంట కీలుకి చేరి, అందులో కొంత పైకి ఎత్తే బలంగా మారుతుంది. వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి జారి బండి చతికిలబడకుండా ఇది అడ్డుకుంటుంది. స్వింగార్మ్ 550 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, వెనక 25 దిగినప్పుడు దాని వాలు రెండున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఎత్తే బలం ఆ మేరకు పోతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఇస్తే బండి వెనక కూర్చుంటుంది, ముందు తేలికవుతుంది, మలుపు వెడల్పవుతుంది. చైన్ బిగువు కూడా మారుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ కీలు, వెనక ఇరుసు మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగువుగా ఉంటుంది. దింపిన బండి ఆ స్థితికి ముందుకన్నా దగ్గరగా నిలబడుతుంది. కాబట్టి పాత కొలతతో చైన్ వదులు చూసుకుంటే సరిపోదు.

స్ప్రింగు గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం, చుట్టల వ్యాసం, చుట్టల లెక్కలో ఉంది. తిప్పే రింగుకి దాన్ని మార్చే శక్తి లేదు. ప్రీలోడ్ మార్చేది బరువు పడినప్పుడు బండి ఎంత దిగి నిలబడుతుందన్నది మాత్రమే. ఆ దిగడాన్ని శాగ్ అంటారు. 180 మిల్లీమీటర్ల వెనక ప్రయాణం ఉన్న బండి రైడర్ బరువుతో 55, 60 దాకా, అంటే మొత్తంలో మూడో వంతు దిగి ఉంటే బాగుంటుంది. ఇది గుంతలోకి చక్రం దిగడానికి ఉంచుకున్న చోటు. ఎత్తు తగ్గించడానికని ప్రీలోడ్ పూర్తిగా వదిలేస్తే, ఆ చోటు పెరిగి, పైకి నలగడానికి ఉన్న చోటు తరుగుతుంది. పెద్ద గుంతలో షాక్ అడుగు తగిలి వెన్నుకి దెబ్బ వస్తుంది. లింకు మార్చడంలో ఉన్న నిజమైన సుగుణం ఇక్కడే కనిపిస్తుంది. అది ప్రయాణాన్ని పెద్దగా తినేయకుండా ఎత్తుని మారుస్తుంది.

కానీ లింకు స్ప్రింగుని ఇంకో దారిలో తాకుతుంది. చక్రం కదలికకీ షాక్ కదలికకీ ఉన్న నిష్పత్తి 2.8 అనుకుందాం, స్ప్రింగు మిల్లీమీటరుకి 90 న్యూటన్లు. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం ఆ నిష్పత్తి వర్గంతో భాగిస్తే వస్తుంది, ఇంచుమించు 11.5. రాకర్ వేరే కోణంలో మొదలవడం వల్ల నిష్పత్తి 3.0 అయితే అది 10కి పడిపోతుంది. స్ప్రింగు ముట్టుకోలేదు, అయినా వెనక భాగం ఎనిమిదో వంతు మెత్తబడింది. స్ప్రింగు ఊగిసలాటని అణచే డ్యాంపింగ్ కూడా అంతే బలహీనపడుతుంది. ఏ బండిలో ఎటు మారుతుందో దాని రాకర్ ఆకారం చెప్పాలి. ఒక్కొక్కటి ఒక్కో కథ.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది టైరు పైకి తగలడం. షాక్ పూర్తిగా నలిగినప్పటి పొడవు మారలేదు, కానీ దింపిన బండిలో ఆ స్థితిలో చక్రం ఫ్రేముకి పాతిక మిల్లీమీటర్లు ఇంకా దగ్గరగా ఉంటుంది. లోపలి మడ్‌గార్డో, వైర్ల కట్టో, ఎగ్జాస్ట్ గొట్టమో అక్కడ ఉండొచ్చు. వేగంలో టైరు అక్కడ రాసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. షాక్ నుంచి స్ప్రింగుని తీసేసి, వట్టి షాక్‌ని బిగించి, చక్రాన్ని చేత్తో చివరంటా పైకెత్తి చూడటం ఒక్కటే నమ్మదగిన పరీక్ష. కష్టమైన పనే. ఈ పరీక్ష చేయకుండా బండిని రోడ్డెక్కించే మెకానిక్ ఎంత పేరున్నవాడైనా నేను అతని చేతికి బండి ఇవ్వను.

ఇప్పుడు లింకు ముక్క గురించి. జిగణి లాంటి చోట పలక తెచ్చి, సీఎన్‌సీ మీద రెండు రంధ్రాలు వేయించడం ఒక పూట పని. చూడటానికి అంతే. కానీ ఆ ముక్క మీద పడే బలం ఊహకి అందదు. రైడర్, వెనక మనిషి కూర్చున్న బండిలో వెనక చక్రం మీద రెండు వేల న్యూటన్లు ఉన్నాయనుకుందాం. గట్టి గుంతలో అది మూడింతలు కావచ్చు, ఆరు వేలు. నిష్పత్తి 2.8 చొప్పున షాక్ మీద దాదాపు పదిహేడు వేలు. లింకుల మీదా ఆ స్థాయి బలమే. ఒక్కో లింకుకి ఎనిమిది వేలకు పైగా, అంటే ఎనిమిది వందల కిలోలు వేలాడదీసినంత. ఒక్కసారి మోయడం కాదు, ప్రతి గుంతలో మోయాలి. అల్యూమినియానికి ఒక లక్షణముంది. ఉక్కు కొంత హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు లాగినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి గట్టి హద్దు లేదు, చిన్న లాగుళ్లు కూడా లెక్కలో చేరుతూ పోతాయి. అందుకే రంధ్రం అంచు నునుపుగా ఉండాలి, గీత కూడా పనికిరాదు. పగులు మొదలయ్యేది అక్కడే.

పాత లింకుని మధ్యలో కోసి ముక్క అతికించి పొడవు చేయడం దగ్గర నేను ఎలాంటి మినహాయింపూ ఇవ్వను. విమానాల్లో వాడే 7075 రకం అల్యూమినియం వెల్డింగ్‌కి నిలవదు, చల్లారుతుండగానే పగుళ్లిస్తుంది. 6061 అతుకుతుంది, కానీ వేడి తగిలిన చోట బలం సగం దాకా పోతుంది. మళ్లీ వేడిచేసి పదును పట్టే ఏర్పాటు రోడ్డు పక్క షెడ్డులో ఉండదు. పైకి మంచి పూసతో, నిగనిగలాడే రంగుతో, లోపల సగం బలంతో ఉన్న లింకుని బండి కింద పెట్టుకోవడం కన్నా మునివేళ్ల మీద నిలబడటమే మేలు.

జత లింకుల్లో రంధ్రాల మధ్య దూరం రెండింటికీ ఒకటే కావాలి. ఒకటి కొంచెం పొడవైనా రాకర్ మెలిపడి బేరింగ్ ఒక పక్కే అరుగుతుంది. మంచి మిషను పనివాళ్లు రెండు పలకలనీ ఒకదానిమీద ఒకటి పెట్టి బిగించి రెండింటికీ ఒకేసారి రంధ్రాలు వేస్తారు. తర్వాత కొలిచే గదిలో నల్ల గ్రానైటు బల్ల మీద పెట్టి చూస్తారు. గ్రానైటు తుప్పు పట్టదు, దెబ్బ తగిలితే ఉక్కులా గట్టు లేవదు, ఎండకీ చలికీ పెద్దగా వంగదు. అందుకే చదునుకి అది కొలమానం అయ్యింది.

అదే రాయి పొడి లింకుకి శత్రువు. కోసే, పాలిష్ చేసే షెడ్ల దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. అది పదును పట్టిన బేరింగ్ ఉక్కుకన్నా గట్టిది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పేరుకి గ్రానైటే గాని, రాళ్ల శాస్త్రం ప్రకారం గాబ్రో జాతిది, అందులో క్వార్ట్జ్ చాలా తక్కువ. మిగతా ఎర్ర, తెల్ల పలకల్లో మాత్రం దండిగా ఉంటుంది. లింకు కీళ్లలో ఉండేవి సూదుల్లాంటి సన్నని రోలర్లు. వెనక చక్రం ముందే, కింద, బురద చిమ్మే చోటే వాటి కాపురం. గ్రీజు ఎండిపోయి, రబ్బరు సీలు చిరిగి, దుమ్ము లోపలికి పోతే రోలర్లు తిరగడం మాని రాసుకుంటాయి. సర్వీసు సెంటర్లో ప్రెషర్ నీళ్లు నేరుగా ఆ కీళ్ల మీదకి కొట్టడం దీన్ని ఇంకా తొందర చేస్తుంది. ప్రతి వానాకాలం తర్వాత లింకులు విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టించడం ఎత్తు మార్చనివాళ్లకి కూడా అవసరమే.

కంపెనీలు ఎత్తు మార్చే తీరు చూస్తే మనం ఎంత పనిని రెండు రంధ్రాల పలకకి అప్పగిస్తున్నామో తెలుస్తుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 మామూలు బండికి ముందు 190, వెనక 170 మిల్లీమీటర్ల ప్రయాణం. ర్యాలీ కిట్‌తో అది 250, 220 అవుతుంది. ఆ కిట్‌లో కొత్త ఫోర్కు, కొత్త షాక్‌తో పాటు పొడుగు సైడ్ స్టాండు, హ్యాండిల్ ఎత్తు పెంచే ముక్కలు, పొడుగు గేర్ లీవరు కూడా ఇచ్చారు. ఒక్క కొలత మార్చడానికి అన్నీ కదిలాయి.

చట్టం మాట కూడా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నొక్కి చెప్పింది. వారంటీ, బీమా ఏమంటాయో లింకు కొనకముందే కాగితాలు చదివి తెలుసుకోవాలి.

నా సలహా ఈ క్రమం. ముందు నేర్పు: ఆగేటప్పుడు ఒక్క ఎడమ కాలే పూర్తిగా ఆనేలా పిరుదు కొంచెం పక్కకి జరపడం, బ్రేకు మీద కుడికాలు ఉంచడం. దీంతోనే చాలామందికి సమస్య తీరుతుంది. తర్వాత సీటు: హిమాలయన్ 450కి కంపెనీయే 805 మిల్లీమీటర్ల సీటు ఇస్తుంది. సీటు ముందు భాగం సన్నగా చెక్కించినా కాలు నేరుగా దిగుతుంది. ఆ తర్వాత శాగ్ సరిచూసుకోవడం. అప్పటికీ చాలకపోతే లింకు.

లింకు మార్చేరోజు ముందు కొలతలు కాగితం మీద ఉండాలి. వెనక ఇరుసు మధ్య నుంచి నేరుగా పైన, తోక దగ్గర ఒక గుర్తు దాకా: చక్రం గాల్లో ఉన్నప్పుడు, బండి తన బరువుతో నిలబడినప్పుడు, మనిషి ఎక్కినప్పుడు. స్వింగార్మ్‌ని పట్టుకుని లేపే ప్యాడాక్ స్టాండు ఈ పనికి కుదరదు, స్వింగార్మ్ ఖాళీగా వేలాడాలి. సెంటర్ స్టాండు ఉంటే అదే చాలు. చక్రం కింద చెక్క ముక్క పెట్టి ఎత్తుని కాస్త సరిచేస్తూ పోతే బోల్టు ఒక చోట వేలితో తోస్తే జారుతుంది. సుత్తితో కొట్టి తీయాల్సి వస్తుంటే బరువు ఇంకా దాని మీదే ఉందన్నమాట. బిగించేటప్పుడు టార్క్ రెంచి, బండి మాన్యువల్లో ఉన్న అంకె. తర్వాత చైన్, స్టాండు, హెడ్‌లైట్, టైరు పైన ఖాళీ, మళ్లీ అవే మూడు కొలతలు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా, ఖాళీ రోడ్ల మీద నడిపి బోల్టులు మళ్లీ చూడాలి.

తీసిన పాత లింకులకు గ్రీజు రాసి, బోల్టులతో సహా ఒక కవర్లో చుట్టి, రంధ్రాల మధ్య దూరమెంతో మీద రాసి దాచాలి. బండి అమ్మేరోజున కొనేవాళ్లు ఆరడుగులవాళ్లు కావచ్చు. వాళ్లకి బండితో పాటు ఆ కవరూ, మూడు కొలతలున్న కాగితమూ ఇవ్వాలి.